కార చేపల వంశచరిత్ర

ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారులు కారలని పిలిచే చిన్న వెండి చేపలను జీవశాస్త్రం లియోగ్నాథిడే అనే ప్రత్యేక కుటుంబంగా లెక్కిస్తుంది. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ పడమటి అంచు వరకు, ఒడ్డుకు దగ్గరగా ఉండే లోతు తక్కువ నీళ్లలో, నదీముఖాల్లో, ఉప్పునీటి కయ్యల్లో విస్తరించిన ఈ కుటుంబంలో ఇప్పటికి యాభైకి అటూఇటూగా జాతులు గుర్తింపు పొందాయి. రేవులో ధర పలికే వంజరం, చందువ వంటి చేపల పక్కన కారలకు విలువ తక్కువే అయినా, వర్గీకరణ శాస్త్ర చరిత్రలో వీటి స్థానం చిన్నది కాదు. ఈ కుటుంబాన్ని ఐరోపా పండితులు క్రమబద్ధంగా విడదీయడం మొదలుపెట్టిన తొలి దశలో వారికి ఆధారమైన గ్రంథాల్లో ఒకటి విశాఖపట్నం రేవులో, తెలుగు జాలరులు తెచ్చిన చేపల నుంచి, వారి నోటి పేర్లతోనే రూపొందింది. ఆ పేర్లలో కొన్ని నేటికీ లాటిన్ రూపంలో నిలిచి ఉన్నాయి.

కార చేప శరీరం రెండు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, లోతుగా ఉంటుంది. పొలుసులు చాలా చిన్నవి, కొన్ని జాతుల్లో తలమీద, రొమ్ముమీద అసలు ఉండవు. ఒంటినిండా జిగురు ఊరుతుంది కాబట్టి వలలోంచి తీసిన కారల కుప్ప చేతికి జారిపోతూ ఉంటుంది. కుటుంబంలోకెల్లా పెద్ద జాతి ఒక అడుగుకు దరిదాపుల్లోకి వస్తుంది గాని, అత్యధిక జాతులు జానెడు పొడవు కూడా చేరవు. వీపు మీది వాజంలో, అంటే ఈతకు తోడ్పడే పొరరెక్కలో, ముందు భాగాన సాధారణంగా 8 గట్టి ముళ్లు, వెనుక 16 మెత్తని కిరణాలు ఉంటాయి; కడుపు కింద వెనుక వైపు ఉండే వాజంలో 3 ముళ్లు, 14 కిరణాలు ఉంటాయి. ఈ ముళ్లను లేపినప్పుడు అవి మొదట్లో ఒకదానికొకటి తగులుకుని బిగుసుకుపోయే ఏర్పాటు ఉంది, దానివల్ల చేపను మింగబోయిన శత్రువుకు అవి సులభంగా ముడుచుకోవు.

ఈ కుటుంబపు అసలు గుర్తు మాత్రం నోరు. విశ్రాంతిగా ఉన్నప్పుడు చిన్నదిగా కనిపించే ఆ నోరు ఆహారం అందుకునే క్షణంలో గొట్టంలా ముందుకు సాగుతుంది, పని కాగానే వెనక్కి ముడుచుకుంటుంది. ఆ గొట్టం సాగే దిక్కును బట్టి చేప ఎక్కడ మేస్తుందో చాలావరకు ఊహించవచ్చు. కొన్ని ప్రజాతుల్లో అది కిందికి వంగి, అడుగు బురదలోని పురుగులను, చిన్న రొయ్యజాతి జీవులను పీల్చుకోవడానికి అనువుగా ఉంటుంది. ఇంకొన్నింటిలో పైకి లేచి, నీటిలో తేలే సూక్ష్మజీవులను అందుకుంటుంది. గాజా అనే ప్రజాతిలో సూటిగా ముందుకు సాగుతుంది, పైగా దానికి ఒక్కదానికే కోరపళ్లుంటాయి, అవి చిన్న చేపలను పట్టుకోవడానికి పనికొస్తాయి. మిగిలిన కారలన్నింటికీ దవడల మీద సన్నని చిరుపళ్లు మాత్రమే ఉంటాయి. నోరు బాగా సాగినప్పుడు ముఖానికి గుర్రం మూతి పోలిక వస్తుంది. తొలి లాటిన్ పేరు ఆ పోలిక మీదే నిలిచింది.

ఆ పేరు పెట్టినవాడు పీటర్ ఫోర్స్కాల్. డెన్మార్క్ రాజు 1761లో అరేబియాకు పంపిన అన్వేషక బృందంలో ప్రకృతి శాస్త్రవేత్తగా వెళ్లిన ఆయన 1763లో యెమెన్‌లో జ్వరంతో చనిపోగా, ఎర్ర సముద్రపు చేపల మీద ఆయన రాసుకున్న పత్రాలను బృందంలో బతికి బయటపడిన కార్స్టెన్ నీబూర్ 1775లో అచ్చు వేయించాడు. అందులో స్కాంబర్ ఈక్వులా అనే పేరుతో ఉన్నదే ఈ కుటుంబంలోని పెద్ద జాతి. స్కాంబర్ అంటే కానాగంత చేపల ప్రజాతి. కారలకూ కానాగంతలకూ నిజానికి దగ్గరి బంధుత్వం ఏమీ లేదు. బెర్లిన్ వైద్యుడు మార్కస్ బ్లాక్ ఇవే రకం చేపలను ఒకసారి జ్యూస్ ప్రజాతిలో, మరొకసారి స్కాంబర్‌లో చేర్చాడు. తరంగంబాడిలోని డేనిష్ మతప్రచారకుల ద్వారా కోరమాండల్ తీరపు చేపలు ఆయనకు అందుతుండేవి. సీసాలో రంగు కోల్పోయిన చేపను వేల మైళ్ల దూరంలో కూర్చుని చూసే పండితుడికి ఈ తడబాటు సహజమే. వెండి రంగు, చదునైన ఒళ్లు తప్ప పట్టుకోవడానికి వేరే ఆనవాలు ఉండేది కాదు. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేద్ నునుపు దవడ అనే అర్థంలో లియోగ్నాథస్ ప్రజాతిని స్థాపించాడు, 1815లో జార్జ్ క్యువియే ఈక్వులా అనే మరో ప్రజాతిని స్థాపించాడు, ఆ తరువాత దాదాపు వందేళ్లపాటు ఈ రెండు పేర్లూ పక్కపక్కన వాడుకలో ఉన్నాయి.

ఈ నడిమి కాలంలోనే విశాఖపట్నం రంగం మీదికి వస్తుంది. ఎడిన్‌బరోలో పుట్టిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ సిరియాలోని అలెప్పో నగరంలో సుమారు ఇరవై ఏళ్లు వైద్యం చేసి, అక్కడి ప్లేగు వ్యాధి మీద నిపుణుడిగా పేరు తెచ్చుకుని, 1781లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన తమ్ముడు క్లాడ్ వెంట విశాఖపట్నం చేరాడు. ఉత్తర సర్కారులు అప్పటికి కంపెనీ పాలనలోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. 1785లో మద్రాసు ప్రభుత్వ ప్రకృతి శాస్త్రవేత్త యోహాన్ కోనిగ్ మరణించాక ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. పాముకాటు చావులు అధికారులను కలవరపెడుతున్న కాలం కావడంతో ఆయన మొదట పాముల మీద దృష్టి పెట్టాడు, ఏది విషపుదో ఏది కాదో సామాన్యుడు గుర్తుపట్టేలా చేయడమే లక్ష్యంగా 1796లో కోరమాండల్ తీరపు పాముల గ్రంథం వెలువరించాడు. మనం రక్తపింజర అనే పామును ఆయన అక్కడివారి నోట విన్నట్టే కాటుక రేకుల పొడ అని నమోదు చేశాడు. బంగారు పాము అని ఆయన రాసుకున్న పేరు నుంచి 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ బంగారస్ అనే ప్రజాతి నామం తయారు చేశాడు, కట్లపాములన్నీ నేటికీ ఆ ప్రజాతిలోనే ఉన్నాయి.

చేపల విషయంలోనూ రస్సెల్ అదే పద్ధతి పాటించాడు. విశాఖ తీరానికి వచ్చిన చేపలను తాజాగా ఉండగానే పరిశీలించి, కొలతలు, వాజాల కిరణాల లెక్క, రంగు రాసుకుని, స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు వేయించి, ప్రతి బొమ్మకూ తీరంలో వాడుకలో ఉన్న తెలుగు పేరు జతచేశాడు. 1789లో ఆయన ఇంగ్లండు తిరిగివెళ్లాక, 1803లో, కోరమాండల్ తీరాన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు అన్న శీర్షికతో ఆ కృషి రెండు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. సొరలు, టేకులు, పారలు, కచిలీలు ఇంగ్లీషు వర్ణక్రమంలో ఒదగలేక ఒదిగి అందులో బారులు తీరాయి. వాటి మధ్య కారలు ఒక్క పేరుతో కాక, బిందు కార, గూమోరా కార వంటి విడివిడి పేర్లతో వేర్వేరు బొమ్మలుగా కనిపిస్తాయి.

ఇక్కడ కొంత ఆగి చూడవలసిన సంగతి ఉంది. పెద్ద చేపలకు, ధర పలికే చేపలకు ప్రతి రకానికీ ఒక పేరుండటం ఏ రేవులోనైనా మామూలే. అరచేతిలో పట్టే, ఒకే వలలో కలగలిసి పడే, ఒకే ధరకు పోయే కారలను రకరకాలుగా విడదీసి పేర్లు పెట్టుకోవడానికి మాత్రం వ్యాపార అవసరం చాలదు. ఏ రకం ఏ లోతులో, ఏ రుతువులో వస్తుందో కనిపెట్టి ఉండే చూపు కావాలి. అదే దశాబ్దాల్లో బెర్లిన్‌లోనూ పారిస్‌లోనూ ఈ చేపలను ఏ ప్రజాతిలో పెట్టాలో తేల్చుకోలేకపోతుండగా, విశాఖ జాలరులు వాటన్నింటికీ కార అనే సామాన్య నామం ఉంచి, దానికి ముందు విశేషణం చేర్చి రకాలను వేరుచేశారు. ప్రజాతి పేరు, దానికి తోడు జాతి పేరు అనే లిన్నేయస్ రెండు మాటల పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉందో చెప్పనక్కరలేదు. లిన్నేయస్ పుస్తకం చూడనివారు, చూసే అవకాశం లేనివారు, నిత్యం చేపల మధ్య బతకడం వల్లనే ఆ క్రమానికి చేరారు.

రస్సెల్ తన చేపల్లో కొత్తవాటికి లాటిన్ జాతి నామాలు పెట్టలేదు, తెలుగు పేరుతోనే సరిపెట్టాడు. నామకరణ నియమాల ప్రకారం రెండు మాటల లాటిన్ పేరు మొదట ప్రచురించినవారికే గౌరవం చెందుతుంది కాబట్టి, ఆ ఖాళీని పారిస్ మ్యూజియంలోని క్యువియే, ఆయన శిష్యుడు వలెన్సియెన్ పూరించారు. క్యువియే 1829లో తన జంతురాజ్య గ్రంథపు రెండో కూర్పులో రస్సెల్ బొమ్మల సంఖ్యలను ఉటంకిస్తూ వరసగా పేర్లు పెట్టుకుంటూ పోయాడు. రస్సెల్ గొరక అని రాసినది నేడు పొమడాసిస్ గొరకా; జెల్లో అని రాసిన సూదిమూతి చేపకు కూడా క్యువియే అదే ఏడాది స్ఫైరీనా జెల్లో అని పేరు పెట్టాడు. క్యువియే 1832లో మరణించాక చేపల ప్రకృతి చరిత్ర అనే బృహద్గ్రంథాన్ని కొనసాగించిన వలెన్సియెన్ 1835లో వెలువడిన పదో సంపుటంలో కారలను విస్తారంగా చర్చించి, రస్సెల్ బిందు కారకు ఈక్వులా బిందస్ అని, గూమోరా కారకు ఈక్వులా గొమోరా అని పేర్లు స్థిరపరిచాడు. బిందస్ జాతి చేప వీపు వాజం మీద నల్లని అంచుతో నారింజ రంగు మచ్చ ఒకటి ఉంటుంది; సీసాలో కొన్నాళ్లకే వెలిసిపోయే ఆ మచ్చ ఒడ్డున తాజా చేపను చూసేవారికే తెలుస్తుంది.

ఈ వ్యవహారంలో నియమాల వల్ల ఏర్పడిన ఒక విశేషం తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా తెలియాలి. కొత్త జాతిని ప్రకటించినప్పుడు దానికి ఆధారమైన నమూనా ఒకటి ఉండాలి, దాన్ని మూలనమూనా అంటారు. భవిష్యత్తులో సందేహం వస్తే ఆ నమూనానే చూసి తేలుస్తారు. నమూనా లేకుండా బొమ్మ ఆధారంగానే పేరు పెడితే, బొమ్మలో గీసిన ఆ చేపనే మూలనమూనాగా పరిగణించాలని అంతర్జాతీయ నియమావళి చెబుతుంది. ఇలా పేరు పొందిన జాతుల్లో కొన్నింటికి రస్సెల్ బొమ్మ తప్ప వేరే ఆధారం లేదు. అంటే 1780లలో ఒకనాడు విశాఖ ఒడ్డుకు వచ్చి, ఒక తెలుగు నేల చిత్రకారుడి కాగితం మీదికెక్కి, కుళ్లి మట్టిలో కలిసిపోయిన చేపే అటువంటి జాతికి ప్రపంచమంతటా ప్రమాణం. జాతి నామం పక్కన రాసే పేరు మాత్రం క్యువియేది. పేరు చెప్పిన జాలరికీ బొమ్మ గీసిన చిత్రకారుడికీ ఆ వరుసలో చోటు లేకపోవడం అన్యాయమే, దాన్ని నియమం పేరుతో సమర్థించుకోనవసరం లేదు.

పందొమ్మిదో శతాబ్దపు మిగిలిన భాగంలో కారల సంఖ్య పెరిగింది గాని అవగాహన అంతగా పెరగలేదు. బటేవియాలో డచ్చి సైనిక వైద్యుడిగా ఉండి తూర్పు దీవుల చేపలను వేల సంఖ్యలో పరిశీలించిన పీటర్ బ్లీకర్ కొత్త జాతులు చేర్చాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి భారతదేశపు మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన ఫ్రాన్సిస్ డే 1875 నుంచి 1878 వరకు భాగాలుగా వెలువరించిన భారతదేశపు చేపల గ్రంథంలో రస్సెల్ తెలుగు పేర్లను పర్యాయనామాల పట్టికల్లో శ్రద్ధగా పొందుపరిచాడు. 1893లో అమెరికన్ శాస్త్రవేత్త థియొడోర్ గిల్ వీటన్నింటినీ కానాగంతల, పారల సమూహం నుంచి విడదీసి లియోగ్నాథిడే కుటుంబంగా నిలబెట్టాడు. 1802 నాటి పేరు 1815 నాటి పేరు కంటే ముందుది కాబట్టి క్రమంగా ఈక్వులా తప్పుకుని లియోగ్నాథస్ స్థిరపడింది.

అప్పటిదాకా వర్గీకరణ ఎక్కువగా చేప బయటి రూపం మీదే నడిచింది. 1928లో జర్మన్ శాస్త్రవేత్త హార్మ్స్ జావా ప్రాంతపు కారలను కోసి చూసి, అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట దాని చుట్టూ ఉంగరంలా అమరిన ఒక కాంతి అవయవాన్ని వర్ణించాడు. ఆ తరువాత జపాన్ శాస్త్రవేత్త యతా హనేడా పసిఫిక్ దీవుల్లో జరిపిన పరిశీలనలు అది చేప సొంత కాంతి కాదని, ఆ అవయవంలోని సన్నని నాళాల్లో కిక్కిరిసి బతికే బాక్టీరియాదని తేటపరిచాయి. 1967లో ఆ బాక్టీరియాకు ఫోటోబాక్టీరియం లియోగ్నాథి అని పేరు పెట్టారు. పుట్టిన డింభకంలో, అంటే గుడ్డు నుంచి వెలువడిన తొలి దశ పిల్లలో, ఇవి ఉండవు. పెరిగే క్రమంలో చుట్టూ ఉన్న సముద్రపు నీటి నుంచే వచ్చి చేరతాయి. చేప వాటికి చోటు, ఆహారం ఇస్తుంది, అవి వెలుగు ఇస్తాయి.

ఆ వెలుగు బయటికి వచ్చే మార్గం మరీ విచిత్రమైనది. కాంతి అవయవానికి పక్కనే, చేప నీటిలో తేలడానికి తోడ్పడే వాయుతిత్తి ఉంటుంది. అవయవం చుట్టూ నల్లని పొర కప్పి, వాయుతిత్తి వైపున మాత్రం కిటికీలా తెరపి ఉంటుంది. కండరాలతో కదిలే మూతలు ఆ కిటికీని తెరుస్తాయి, మూస్తాయి. తిత్తి పై గోడకు గ్వానిన్ అనే పదార్థపు పూత ఉండటంతో అది అద్దంలా కాంతిని కిందికి తిప్పుతుంది, కింది గోడ పారదర్శకం కాబట్టి ఆ కాంతి పొట్ట కండరాల గుండా మెత్తగా పరుచుకుని కిందికి దిగుతుంది. పగటిపూట కిందినుంచి చూసే శత్రువుకు ఏ చేపైనా వెలుగునిండిన నీటి ఉపరితలం మీద నల్లని నీడగా కనబడుతుంది. కార తన పొట్టను పైనుంచి పడే వెలుగుకు దీటుగా వెలిగించుకుని ఆ నీడను చెరిపేసుకుంటుందని 1971లో జీవశాస్త్రవేత్త వుడ్‌లాండ్ హేస్టింగ్స్ ప్రతిపాదించాడు. ఒడ్డున వెండిలా మెరుస్తూ అందరి కంటా పడే చేప, సముద్రంలో కంటపడకుండా ఉండేందుకు ఇంతటి యంత్రాంగం మోస్తూ తిరుగుతుందన్నది ఈ కుటుంబం గురించి తెలిసినవాటిలో అన్నింటికంటే గొప్ప సంగతి.

మరుగుపడటం ఒక్కటే ఆ వెలుగు పని అయితే ఆడా మగా తేడా ఉండనక్కరలేదు. అనేక జాతుల్లో మగచేప కాంతి అవయవం ఆడదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. మగవాటి ఒంటి పక్కన, కొన్నింటిలో పక్క వాజాల మొదట్లో, వెలుగు బయటికి రావడానికి పారదర్శకమైన మచ్చలు ఉంటాయి. గుంపుగా ఈదే మగచేపలు ఒక్కసారిగా, ఒకే లయలో మినుకు మినుకుమనడం ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో సముద్రంలోనే నమోదైంది. ఒక్కో జాతి మగచేప తన మచ్చ ఆకారంతో, మినుకు తీరుతో స్వజాతి ఆడచేపకు తనను తాను తెలుపుకుంటుందనీ, పైకి ఒకేలా కనిపించే ఇన్ని జాతులు విడివడటానికి ఈ కాంతి సంకేతాలే ప్రధాన కారణమనీ ఈ కుటుంబ పరిణామాన్ని పరిశీలించినవారు భావిస్తున్నారు.

దీనితో వర్గీకరణకు పునాదే మారింది. అంతకుముందు ముఖం, పళ్లు, పొలుసుల అమరిక ఆధారంగానే జాతులను వేరు చేసేవారు. భారత సముద్రాల కారల మీద కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్త పి.ఎస్.బి.ఆర్. జేమ్స్ 1970లలో చేసిన సమగ్ర సమీక్ష ఆ పద్ధతిలో వెలువడిన విలువైన కృషి. 2005లో జాన్ స్పార్క్స్, పాల్ డన్‌లాప్, లియో స్మిత్ కాంతి అవయవాల నిర్మాణాన్నీ జన్యు ఆధారాలనూ కలిపి చూసి, లియోగ్నాథస్ ఒక సహజమైన సమూహం కాదని, ఎక్కడా ఇమడని జాతులన్నీ అందులో పోగుపడ్డాయని చూపారు. పక్క వాజాల దగ్గర వెలుగు మచ్చ ఉండే జాతులకు వారు ఫోటోపెక్టొరాలిస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచారు. విశాఖ బిందు కార ఇప్పుడు ఫోటోపెక్టొరాలిస్ బిందస్. ప్రజాతి మారినా రెండో మాట అలాగే ఉంది. 2008లో ప్రొసాంత చక్రవర్తి, స్పార్క్స్ కరల్ల అనే మరో ప్రజాతిని స్థాపించారు, శ్రీలంకలో సింహళ మత్స్యకారులు ఈ చేపలను పిలిచే పేరు అదే. తమిళంలోని కారల్, తెలుగులోని కార దాని సోదర పదాలు. కుటుంబానికి దగ్గరి చుట్టాలెవరన్న ప్రశ్నకు జన్యు పరిశోధనలు కానాగంతలను పూర్తిగా పక్కనపెట్టి, పగడపు దిబ్బల్లో ఉండే సీతాకోకచిలుక చేపల వైపు వేలు చూపుతున్నాయి.

తెలుగు తీరంలో కారల వేట పద్ధతులు ఈ రెండు శతాబ్దాల్లో మారిన తీరు వేరే కథ. ఒడ్డు నుంచి లాగే పెద్దవల, అలివి వల, పడవల నుంచి వేసే ఇరగ వల కారలను చిరకాలంగా తెచ్చాయి. అమ్ముడుపోనివాటిని ఇసుక మీద ఎండబెట్టి, ఎండు చేపలుగా లోపలి ఊళ్ల సంతలకు పంపేవారు, ఆ పని చాలావరకు ఆడవాళ్లదే. దేశంలో కారలు ఎక్కువగా పడేది తమిళనాడు తీరంలో, పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖ పరిసరాల్లో. ఆ తరువాత చెప్పుకోవలసిన వాటిలో ఆంధ్ర తీరం ఒకటి. 1960ల నుంచి రొయ్యల కోసం అడుగును గీకుతూ లాగే ట్రాల్ వలలు వచ్చాక, అడుగునే తిరిగే కారలు రొయ్యలతో పాటు గుట్టలుగా పడసాగాయి. తినేవారికి చేరే భాగం తగ్గి, కోళ్ల దాణాకూ చేపల మేతకూ పొడి చేసే భాగం పెరిగింది.

కాకినాడ కేంద్రంగా 1980లలో వి. శ్రీరామచంద్రమూర్తి బిందస్ జాతి పెరుగుదల, సంతానోత్పత్తి, ట్రాల్ వేట వల్ల దాని సంఖ్యలో వచ్చే మార్పు మీద వరుసగా అధ్యయనాలు చేశారు. విశాఖలో రస్సెల్ పరిశీలించిన రెండు వందల ఏళ్లకు, అదే తీరంలో, అదే చేప జీవితచక్రం లెక్కలకెక్కింది. త్వరగా ఎదిగి, త్వరగా గుడ్లు పెట్టి, కొద్దికాలమే బతికే ఇటువంటి చేపలు వేట ఒత్తిడిని పెద్ద చేపల కంటే బాగా తట్టుకుంటాయి. ట్రాల్ వల చివర ఉండే సంచి కన్ను మరీ చిన్నదైతే మాత్రం ఒక్కసారైనా గుడ్లు పెట్టని పిల్లలు కూడా దాణా పొడిలోకే పోతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు అమలయ్యే వేట నిషేధం మరపడవలన్నింటినీ ఒడ్డున నిలుపుతుంది కాబట్టి కారలకూ ఆ మేరకు విరామం దొరుకుతుంది. మిగిలిన పది నెలల్లో ఏ పరిమాణపు కార వలలో మిగలాలన్నది ఆ సంచి కన్ను మీదే ఆధారపడి ఉంటుంది.